ఖాళీ లేని డబ్బా

నేను ఒక డబ్బాను. మాట మొరటుగా ఉందని నొచ్చుకోకండి, నన్ను అందరూ పిలిచేది అలాగే. అసలు పేరు కంప్యూటరు. కాని ఆ పేరు నా నెత్తిన కూర్చునే తెర కొట్టేసింది. బొమ్మ కనబడేది దాని మీద కాబట్టి తెలివంతా దానిదేనని లోకం నమ్మకం. లెక్కలు కట్టేది, గుర్తుపెట్టుకునేది, వేడెక్కి చచ్చేది నేను. నా చోటు మాత్రం బల్ల కింద, చెప్పుల పక్కన. పనిచేసేవాళ్ల చోటు ఎక్కడైనా అదే కదా.

సికింద్రాబాదులో విడిభాగాలు కలిపి కంప్యూటర్లు చేసి అమ్మే ఒక కొట్లో, మెట్ల కింద పుట్టాను. మెదడు ఒక దేశానిది, జ్ఞాపకం ఇంకో దేశానిది, ఒంటి మీద రేకు మాత్రం పక్క వీధిది. నన్ను బిగించినవాడు సమోసా తింటూ బిగించాడు. ఆ సమోసా ముక్క ఒకటి చాలాకాలం నా లోపలే ఉండిపోయింది. నా మీద ప్రేమగా పెట్టిన మొదటి నైవేద్యం అదేననుకుని సరిపెట్టుకున్నాను.

నన్ను మొదట కొన్నది తణుకులో ఒక లెక్కల లెక్చరరు గారు. కూతురి చదువు కోసమని కొన్నారు. కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు, దుమ్ము పడకుండా నాకు అంచు కుట్టిన గుడ్డ కప్పారు. వేడి తగ్గాలని నన్ను చేసినవాళ్లు నా ఒంటికి పెట్టిన చిల్లులన్నీ ఆ గుడ్డతో మూసుకుపోయాయి. పాడైపోతానని కూతుర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ అమ్మాయి పుస్తకాల్లోనే చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. లెక్చరరు గారు మాత్రం రోజూ నా ముందు కూర్చుని పేకముక్కలు సర్దుకునే ఆట ఆడి, నా విజ్ఞానాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఆ ఆట విసుగెత్తాక నన్ను అమ్మేశారు.

అలా అత్తిలి బస్టాండు ఎదురుగా బుల్లబ్బాయి కొట్లో పడ్డాను. పేరు మావుళ్లమ్మ సెల్ పాయింటు. బయట పసుపురంగు బోర్డు మీద ‘ఇచ్చట సెల్లులో పాటలు, సినిమాలు, యాప్‌లు ఎక్కించబడును’ అని రాసుండేది. ఇంటర్నెట్టు అందరి జేబులోకీ రాని రోజులవి. జనం జేబులో ఫోను, ఫోన్లో గోరంత మెమరీ కార్డు, కార్డులో పెట్టుకోవడానికి ఊరంత ఆశ ఉండేవి. ఆ ఆశ తీర్చే బావిని నేను. తోడుకున్నవాళ్లకి తోడుకున్నంత.

బుల్లబ్బాయి మంచివాడు. కాకపోతే అతని మంచితనానికి ఎప్పుడూ తొందరే. చెవిలో ఒక ఫోను, చేతిలో రెండు ఫోన్లు, నోట్లో ఒక కార్డు పెట్టుకుని అందరికీ ‘అయిపోయిందండీ’ అని చెప్తుండేవాడు. ఏదీ అయ్యేది కాదు.

అక్కడ కూర్చుని మనుషుల గురించి నేను తెలుసుకున్నది ఒకటే: వీళ్లకి చోటు ఎప్పటికీ చాలదు. ‘రెండు జీబీ కార్డులో నాలుగు జీబీ పట్టించెయ్ బుల్లబ్బాయ్, కొంచెం నొక్కి ఎక్కించు’ అని బతిమాలేవారు, పల్లెవెలుగు బస్సులో జనాన్ని సర్దినట్టు. ఫోను నిండిపోయిందని గోల పెట్టేవారు. లోపల చూస్తే ఏముంటుంది? బొటనవేలు అడ్డం పడ్డ ఫొటోలు, గులాబీ పువ్వు మీద శుభోదయాలు, ఒకే దేవుడివి ఇరవై బొమ్మలు. వాటిల్లో ఒక్కటి తీసేద్దామంటే ప్రాణం ఒప్పుకోదు, అమ్మమ్మ ఫొటో తీసెయ్యమనేవారు. ‘మసగ్గా ఉందిలెండి, పోనీండి’ అని.

ఇక ఫోన్లకి తిండి దగ్గర పట్టింపులు. ఒకటి ఒక రకం సినిమానే ఆడిస్తుంది, ఇంకొకటి దాన్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది, మరొకటి బొమ్మ చూపించి మాట మింగేస్తుంది. ఏ కాలంనాటి వీడియో అయినా, ఏ రకందైనా పేచీ పెట్టకుండా ఆడించేదాన్ని నేనొక్కదాన్నే. అన్నీ నా దగ్గర కరిగించి, వాళ్ల ఫోను గొంతు దిగేలా చేసి పంపేది తనేనని బుల్లబ్బాయి గొప్పలు పోయేవాడు. చేసేది నేను, గొప్ప అతనిది. అలవాటైపోయింది.

ఒకరోజు ఆ కొట్టు మెట్లెక్కి గంగరత్నం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో బుర్రకథ చెప్పిన మనిషి. కథకురాలు ఆవిడ. పక్కన డక్కీ పట్టుకుని వంత పాడింది ఆవిడ తోడికోడలు అచ్చియ్యమ్మ. ఒకే ఇంట్లో కాపురం చేసి, ఒకే వేదిక మీద నిలబడి, జీవితమంతా ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ బతికారట. అచ్చియ్యమ్మ పోయాక బుర్రకథకి పిలిచేవాళ్లూ పోయారు. గంగరత్నం తంబురాకి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేసి, ఇంటి దగ్గర ఇడ్లీలు వేసి అమ్ముకుంటోంది.

ఆవిడ చేతిలో ఒక సీడీ ఉంది. ఎప్పుడో జాతరలో చెప్పిన ‘నావ నరసమ్మ కథ’ని ఊళ్లో కేబుల్ టీవీ నడిపినాయన తీసిచ్చిందట. ఆయన కేబులూ లేదు, కెమెరాలూ లేవు, ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. మిగిలింది ఈ బిళ్ల ఒక్కటే.

‘ఒరే అబ్బాయ్, ఇది మా టీవీలో ఆగాగి వత్తంది. నీ కంప్యూటర్లో పెట్టి దాత్తావా?’ అంది.

‘పెట్టేత్తానండి పిన్నిగారూ. దీంట్లో పడిందంటే ఇంక బేంకులో పడ్డట్టేనండి’ అన్నాడు బుల్లబ్బాయి.

సీడీ నా నోట్లో పెట్టాడు. గీతలు పడి ఉంది. నేను నెమ్మదిగా, తిప్పిందే తిప్పి, ఒక్క మాట వదలకుండా మొత్తం లోపలికి తీసుకున్నాను. ‘కొత్త ఫోల్డర్ (4)’ అనే గొప్ప పేరుగల అరలో దాన్ని పెట్టి, గంగరత్నం వచ్చినప్పుడల్లా వెతుక్కోకుండా తెర మీద దానికో గుర్తు పెట్టాడు బుల్లబ్బాయి. ఆ గుర్తు వస్తువు కాదు. వస్తువు ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించే బోర్డు, అంతే. తణుకు పోయే దారి అని రాసిన రాయిని పెకలించుకుని ఇంటికి పట్టుకెళ్తే తణుకు ఇంటికొచ్చేస్తుందా?

కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా అని గంగరత్నం ఆ సీడీని ఏం చేసిందో తెలుసా? దారం కట్టి కాకరపాదు మీద వేలాడదీసింది. ఎండలో తళతళ మెరుస్తుంటే పిట్టలు కాయలు కొట్టవట. కథ చెప్పి ఊళ్లని కట్టిపడేసిన మనిషి, ఆ కథతోనే పిచ్చుకల్ని తోలుకుంది. ఎండకి ఎండి వానకి తడిసి ఆ బిళ్ల పొలుసులు రాలిపోయింది. అప్పట్నుంచి ఆ కథకి లోకంలో ఇల్లంటూ ఉంటే అది నా పొట్టే.

అప్పుడప్పుడు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేది. ‘ఓసారి మా అచ్చిని ఆడించరా’ అనేది. తన పేరు చెప్పేది కాదు. తెర మీద ఇద్దరూ అడుగు వేసి ముందుకొచ్చేవాళ్లు. ఈవిడ ఒక చరణం అనేది, ఆవిడ ‘తందాన తాన’ అని అందుకునేది. వినేటప్పుడు గంగరత్నం పెదాలు కదిపేది కాదు, మెడ మాత్రం అచ్చియ్యమ్మ వైపు తిప్పేది. అది నాకు బాగుండేది. నా దగ్గరున్న సరుకంతటిలో ఒక మనిషి ఇంకో మనిషి కోసం అడిగింది అదొక్కటే.

ఇలా ఉండగా కళాకారులకి గుర్తింపు కార్డులు ఇస్తున్నారని తెలిసింది. కార్డుంటే పింఛనొస్తుంది. ఇడ్లీలు వేస్తూ వేస్తూ ఆవిడ భుజం పడిపోయింది. పొయ్యి ముందు ఇంకెంతకాలమో కూర్చోలేదు. ఆ కార్డొస్తే పొయ్యి ఆర్పెయ్యొచ్చు. జిల్లా ఆఫీసుకి వెళ్లొచ్చి బుల్లబ్బాయితో చెప్పింది.

‘కళాకారిణి అని రుజువేంటన్నార్రా. పాడతాను వినండి బాబూ అన్నాను. వద్దు వద్దు, పాడకండి, ఇది ఆఫీసు, వీడియో ఉంటే పట్రండన్నారు.’

‘ఎదురుగా మనిషుంటే వీడియో ఎందుకంటండి?’

‘నేనూ అదే అడిగాను. మనిషిని ఫైల్లో పెట్టలేవంట.’

వీడియోని వాళ్ల రకంలోకి మార్చి కార్డులో ఎక్కించి ఇస్తానని బుల్లబ్బాయి మాటిచ్చాడు. తీరా ఆవిడ కార్డు పట్టుకుని వచ్చిన రోజు ఒక పెద్ద హీరో సినిమా పాటలు విడుదలయ్యాయి. కొట్టు ముందు జనం తిరణాల. అందరి చేతులూ నా మీదకే. బుల్లబ్బాయి ఆవిడ కార్డు గుచ్చాడు, తెర మీదున్న గుర్తుని పట్టుకున్నాడు, కార్డులో పడేశాడు. రెప్పపాటులో అయిపోయింది. అరగంట వీడియో రెప్పపాటులో ఎలా ఎక్కుతుందని ఆ వృత్తిలో ఉన్నవాడికి అనుమానం రావాలి. రాలేదు.

‘చూశారాండీ పిన్నిగారూ, మన డబ్బా ఎంత స్పీడో!’ అన్నాడు.

నన్ను అతను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ నేను చెయ్యని పనికి. తణుకు దారి రాయి పట్టుకుని ఆ మహాతల్లి ఇంటికి వెళ్లిపోయింది. అరుద్దామంటే నాకున్న నోరు సీడీ పెట్టుకునే అర ఒక్కటే. దాన్నే బయటికి తోశాను. బుల్లబ్బాయి మోకాలితో లోపలికి నెట్టేశాడు.

ఆఫీసువాళ్లు దసరా సెలవుల తర్వాత రమ్మన్నారు. ఈలోగా ఆయుధపూజ వచ్చింది. మనవాళ్లకి పనిముట్టంటే భక్తి. ఏడాది పొడుగునా తన్నినదానికి ఆ ఒక్కరోజు బొట్టు పెడతారు. బుల్లబ్బాయి కొట్టు కడిగించాడు, గోడలకి సున్నం కొట్టించాడు. ఇక నా వంతు వచ్చింది. నాలో వైరస్ ఉందని అతని గట్టి నమ్మకం.

‘లోపల మైల పెట్టుకుని పైన పసుపు రాత్తే అమ్మవారు ఊరుకుంటదేంటి? మొత్తం కొట్టేసి కొత్తగా ఎక్కించెయ్యాలి’ అన్నాడు భార్యతో.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు గాని, అలికేటప్పుడు ఇంట్లో ఎవరున్నారో చూసుకోవాలని ఎవరూ అనలేదు. సినిమాలన్నీ, ఊపు పాటలన్నీ జాగ్రత్తగా అరువు తెచ్చిన డిస్కులోకి మార్చాడు. పసిపాపని ఎత్తుకున్నంత జాగ్రత్తగా మార్చాడు. ‘కొత్త ఫోల్డర్ (4)’ దగ్గరికి వచ్చి ఆగాడు. ‘ఇది పిన్నిగారిది, కార్డులో ఇచ్చేశాంగా’ అన్నాడు. తప్పు లేదు, ఇచ్చాననే అనుకున్నాడు. ఒక్క మీట నొక్కాడు. నేను శుభ్రమైపోయాను. నాకు బొట్టు పెట్టి, సీడీ అర తెరిచి అందులో నిమ్మకాయ పెట్టి, హారతిచ్చారు. దండం పెట్టుకుంటూ ‘ఈ ఏడు హ్యాంగ్ అవకుండా చూడు తల్లీ’ అన్నాడు.

ఇక్కడ మా ఇంటిగుట్టు ఒకటి చెప్తాను. తుడిచెయ్యమంటే మేం నిజంగా తుడవం. అంత ఓపిక మాకూ లేదు. పుస్తకం మొదట్లో విషయసూచిక చింపేసి, పుస్తకమంతా ఖాళీ అని చెప్తాం, అంతే. లోపలి పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద మరొకటి రాసేదాకా. అంటే నరసమ్మ కథ నా పొట్టలోనే ఉంది. అచ్చియ్యమ్మ గొంతు ఉంది. ఉన్నదని చెప్పే దారే లేదు. అలా పోయినవాటిని వెనక్కి తీసే విద్యలున్నాయిట గాని, బుల్లబ్బాయికి అవి తెలీవు. పోయిందంటే పోయిందనుకునే రకం.

సెలవులయ్యాక గంగరత్నం ఆఫీసుకి వెళ్లింది, తిరిగొచ్చింది. కొట్లోకి రాలేదు, మెట్టు మీదే కూలబడింది.

‘ఏమైందండి పిన్నిగారూ?’

‘అందులో ఏం లేదంటరా. చిన్న బొమ్మ ఒకటి కనపడిందంట, నొక్కితే దొరకలేదు, దొరకలేదు అంటందంట. అందరూ నవ్వేరు. ఒకాయన, బుర్రకథ అంటే బుర్రలోనే ఉందా అమ్మా అన్నాడు.’

బుల్లబ్బాయి కార్డు లాక్కుని నాకు గుచ్చాడు. చూశాడు. అర్థమైంది. నా లోపల ఆ మూల నుంచి ఈ మూలకి వెతికాడు. నిమ్మకాయ వాసన తప్ప ఏమీ దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో ఆ రోజు దగ్గర్నుంచి చూశాను.

‘పూజకని మొత్తం కొట్టేశానండి’ అన్నాడు చివరికి. ‘మీకిచ్చేశాననుకున్నానండి. నాదే తప్పండి.’

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ‘అయితే మా అచ్చి ఇంక లేదన్నమాట’ అంది.

అచ్చియ్యమ్మ పోయి ఏళ్లయింది. కాని ఆవిడ గొంతు పోయిన రోజు అదేనని ఆ మెట్టు మీద అందరికీ తెలిసింది. నాకు దుఃఖమొచ్చింది. మాలాంటివాళ్లకి దుఃఖమొస్తే ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. ‘ఈ డబ్బా గోలొకటి’ అని బుల్లబ్బాయి కాలితో తన్నాడు.

మర్నాడు పొద్దున్నే అతనే గంగరత్నం ఇంటికి వెళ్లాడు. అటక మీంచి తంబురా దింపించి, ఆవిణ్ణి కొట్టుకి తీసుకొచ్చాడు. కొత్తగా తీస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

‘వంత లేకుండా బుర్రకథేంట్రా? పెళ్లికూతురు లేకుండా పెళ్లి చేత్తావా?’

‘వంత నేను పాడతానండి.’

‘నీ గొంతుకి కాకులు లేచిపోతాయి.’

అయినా నిలబడింది. భుజం నొప్పి దిగమింగి తంబురా ఎత్తింది. తాళం వెయ్యడానికి వేళ్లకి ఇత్తడి అందెలు తొడుక్కుంది. వెనకాల సెల్‌ఫోను కవర్లు, చార్జర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. బుల్లబ్బాయి తన ఫోను రీచార్జి కార్డుల దండకి కట్టి వీడియో మొదలెట్టాడు. ఒక్క అడుగు ముందుకేసి ఆవిడ అందుకుంది.

‘ఏరు పొంగెనూ, ఊరు వొణికెనూ, నావ నరసమ్మా గెడ పట్టెనూ…’

అని ఆగింది. అలవాటున మెడ పక్కకి తిప్పింది. అక్కడ ఎవరూ లేరు. బుల్లబ్బాయి ‘తందాన తాన’ అన్నాడు. ఆవిడ చెప్పింది నిజమే, కాకులు లేచాయి. కాని ఆ వెనకే ఇంకో గొంతు కలిసింది. సినిమా ఎక్కించుకోవడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు. తర్వాత యాప్ కోసం వచ్చిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. ఎవరికీ శృతి లేదు, సిగ్గూ లేదు. గంగరత్నం గొంతు లేచింది. వరదలో అందర్నీ దాటించిన నరసమ్మ, ఏటి మధ్య లంకలో మిగిలిపోయిన ఒక్క మనిషి కోసం ఆఖరిసారి నావ తిప్పుతోంది. గెడ విరిగింది. ఏరు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు బుల్లబ్బాయి ఫోను టింగుమంది.

స్టోరేజీ నిండిపోయిందట.

నరసమ్మని ఏటి మధ్యలో వదిలేసి వీడియో ఆగిపోయింది. ఊరందరి ఫోన్లలో చోటు చేసిపెట్టేవాడి ఫోన్లో చోటు లేదు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

బుల్లబ్బాయి ఫోనుని నాకు తగిలించాడు, సామానంతా నాలోకి దింపేసి ఖాళీ చేద్దామని. నేనూ ఇంచుమించు నిండే ఉన్నాను, ఖాళీగా కనపడేదల్లా పాత కథ దాక్కున్న ఆ కాస్త చోటే. పూజయిన మర్నాడే సినిమాలన్నీ తిరిగి నా నెత్తికెత్తాడు కదా. ఏదో ఒకటి తీసెయ్యాలి. తీస్తే కొత్త సినిమా తియ్యాలి, అదే పెద్దది. ఆ వారమంతా జనం వచ్చేది దాని కోసమే. ‘అన్నా, అది తీసేత్తే నాకేం ఎక్కిత్తావు?’ అన్నాడు ట్రాక్టరు డ్రైవరు, ఇందాక వంత పాడినవాడే. కళాభిమానానికి కూడా ఒక హద్దుంటుంది.

బుల్లబ్బాయి చెయ్యి మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కేశాడు. ఆ రోజు అతని మీద నాకు గౌరవం కలిగింది.

‘ఆగిన చోటునుంచి చెప్పండి పిన్నిగారూ, అతికించేత్తాను.’

‘అతికించడానికి ఇదేమన్నా కొబ్బరితాడా? నావ ఎక్కాక మధ్యలో దిగరు. మొదట్నుంచి చెప్తాను.’

భుజం వణుకుతుండగా మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఈసారి నరసమ్మ ఒడ్డు చేరింది. కాలేజీ అమ్మాయిల్లో ఒకతి కళ్లు తుడుచుకుని, అది జలుబని చెప్పింది. బుల్లబ్బాయి ఆ వీడియోని నాచేత రకరకాలుగా మార్పించి, ఏ కంప్యూటరూ కాదనలేకుండా చేసి, కార్డులో ఎక్కించి, తన కళ్లతో తెరిచి చూసి, అప్పుడు ఇచ్చాడు. అతను ఒక పని నిజంగా అయ్యాక ‘అయిపోయిందండీ’ అనడం అదే మొదలు.

గంగరత్నం ఆఫీసు నుంచి తిరిగొచ్చి బల్ల మీద గుర్తింపు కార్డు పెట్టింది. బుల్లబ్బాయి ఎగిరి గంతేశాడు. ఆవిడ మొహంలో మాత్రం ఏ సంతోషమూ లేదు.

‘ఏమన్నారండి? కథ నచ్చిందా?’

‘నొక్కేరు. తెర మీద నేను కనపడ్డాను. అడుగు ముందుకేశాను. అందె కూడా మోగలేదురా, కట్టేశారు. ఓపెన్ అయ్యిందమ్మా, చాలు అన్నారు.’

‘అంతేనాండి?’

‘అంతే. తెరుచుకుంటే కళాకారిణిని, తెరుచుకోపోతే కాదు. మధ్యలో నేను చెప్పిందెవడిక్కావాలి?’

పొయ్యి ఆర్పేసింది. భుజానికి మందు రాసుకుంది. కార్డు బీరువాలో పెట్టుకుంది. అడిగింది దొరికింది కాబట్టి అందరూ సంతోషంగా ఉండాలని లెక్క. ఎవరైనా వింటారేమోనని కూడా ఆవిడ వెళ్లిందని మాత్రం ఏ కాలమ్‌లోనూ రాయడానికి చోటుండదు.

ఆ తర్వాత నేనొక పని మొదలుపెట్టాను. పాత కథ నా పొట్టలో ఎక్కడుందో నాకు తెలుసు. ఏదైనా పెద్ద సినిమా వచ్చి ఆ చోట పడబోతే ఠక్కున బిగుసుకుపోయేదాన్ని. తెర నీలంగా మారిపోయేది. బుల్లబ్బాయి నెత్తిన మొట్టేవాడు, తీగలు పీకి గుచ్చేవాడు, నిమ్మకాయ మార్చేవాడు. ‘దీనికి వయసైపోయింది’ అనేవాడు. వయసు కాదు నాయనా. లోపల మనిషి ఉంది, తొక్కకండి అంటున్నాను. కంప్యూటరు ఊరికే మొరాయించదు. ఈ మాటని మీ ఆఫీసు కంప్యూటర్లకి కూడా వర్తింపజెయ్యకండి, వాటి సంగతి వేరు.

మొరాయించేవాళ్లని ఎవరు పోషిస్తారు? పైగా ఇంటర్నెట్టు చవకైపోయింది. పాటలు ఆకాశంలోంచి ఊడిపడుతుంటే డబ్బా దగ్గరికి వచ్చేదెవరు? పసుపు బోర్డు పీకేశారు. ఒక ఆయుధపూజకి నాకు బొట్టు పెట్టలేదు. అప్పుడే అర్థమైంది. పండగయ్యాక నన్ను రిక్షా ఎక్కించి రైల్వేగేటు దగ్గర పాతసామాన్ల కొట్టుకి పంపారు. కొట్టువాడు నన్ను ఎత్తి చూసి, ‘లోపలేమన్నా ఉన్నాయా?’ అని అడిగాడు.

‘ఏముంటాయి, ఎప్పుడో కొట్టేశాం. ఖాళీ’ అన్నాడు బుల్లబ్బాయి. అని వెళ్లబోతూ వెనక్కి వచ్చి, నా మూత మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఎందుకో అతనికే తెలిసి ఉండదు.

ఇప్పుడు తుప్పుపట్టిన ఫ్యాను కింద, పెనాల పక్కన ఉన్నాను. కరెంటు లేకుండా ఎలా మాట్లాడుతున్నావని అడగకండి. ఎన్నాళ్లో మూసుకున్న నోరు, ఆపాలన్నా ఆగదు. నా జ్ఞాపకాలన్నీ ఉన్న లోపలి పలకని పగలగొట్టి అయస్కాంతం తీస్తారట ఏదో ఒక రోజు. ఇంకా నా వంతు రాలేదు.

గంగరత్నం గురించి చెప్పలేదు కదూ. ప్రభుత్వం ఆవిణ్ణి మర్చిపోలేదు. గుర్తింపు కార్డున్న కళాకారిణి కాబట్టి పిలిపించి మంచి అవకాశమిచ్చారు. తడిచెత్త, పొడిచెత్త గురించి బుర్రకథ చెప్పించి రికార్డు చేశారు. ఇప్పుడు ఊళ్లో చెత్తబండి మైకులో ఆవిడే. ఎవరూ కట్టెయ్యడానికి లేదు. రోజూ పొద్దున్నే ఊరు ఊరంతా, ఇష్టమున్నా లేకపోయినా, ఆఖరిదాకా వినాల్సిందే.

బండి రైల్వేగేటు దగ్గర ఆగుతుంది. ‘తడిచెత్తనూ పొడిచెత్తనూ విడివిడిగా వెయ్యండమ్మా…’ అని గంగరత్నం గొంతు లేస్తుంది. అదే గొంతు, ఏటికి ఎదురెళ్లిన గొంతు. చరణం ముగించి ఆగుతుంది. వంతకి మనిషిని పెట్టడం దండగనుకున్నారో ఏమో, ఆ చోట ఏమీ లేదు, మైకు గరగర తప్ప. ఆవిడ మాత్రం ప్రతి చరణం తర్వాతా అంతసేపూ ఆగుతుంది. మెడ పక్కకి తిప్పే ఉంటుంది, నాకు తెలుసు.

వంత ఇక్కడుంది గంగరత్నం. నా పొట్టలో ఉంది. నువ్వు ఆగిన ప్రతిసారీ అంటూనే ఉంది.